పసివారు – ఔషధాలు

గౌతమీ వసిష్ఠ గోదావరుల నడుమ, సముద్రాన్ని ఆనుకొని ఉన్న సస్యశ్యామలమైన సీమ కోనసీమ. కొబ్బరితోటలకు, వరిచేలకు, పచ్చని కాలువగట్లకు పేరుపొందిన ఈ ప్రాంతాన్ని ఒక వ్యాధి తరతరాలుగా పీడించింది. అది బోదకాలు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కాటువలన ఫైలేరియా క్రిములు మనిషి దేహంలో ప్రవేశిస్తాయి. ఏండ్ల తరబడి అవి లోలోపలే ఉండి, చివరకు కాలును ఏనుగు కాలువలె వాచిపోయేటట్లు చేస్తాయి.

ఈ వ్యాధిని నిర్మూలించడానికి 2004లో దేశవ్యాప్తంగా సామూహిక ఔషధ పంపిణీ ప్రారంభమైంది. అప్పటి తూర్పు గోదావరి జిల్లాలో భాగమైన అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో కూడ ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి వెళ్ళి డి.ఇ.సి. మాత్రలు పంచారు. ఆ పంపిణీకి ఒక లెక్క ఉన్నది. మాత్ర ఒక్కొక్కటి 100 మిల్లీగ్రాములు. 2 నుండి 5 ఏండ్ల పిల్లలకు ఒక మాత్ర, 6 నుండి 14 ఏండ్లవారికి రెండు, 15 ఏండ్లు నిండినవారికి మూడు. రెండేండ్లలోపు పసికందులకు, గర్భిణులకు, తీవ్ర వ్యాధిగ్రస్తులకు ఆ మాత్ర ఇవ్వరాదు.

ఒకే ఇంటిలో ఉన్నవారందరినీ కుట్టినది ఒకే దోమ. వారి దేహంలో చేరగలిగినది ఒకే క్రిమి. ఇచ్చే మందు కూడ ఒకటే. అయినా తాతకు మూడు మాత్రలు, మనుమరాలికి ఒకటి, ఊయలలోని బిడ్డకు ఏమీ లేదు! ఈ భేదం ఎందుకు? పైకి చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్న వెనుక వైద్యశాస్త్రం ఎంతో మూల్యం చెల్లించి నేర్చుకొన్న సత్యం ఒకటి ఉన్నది. శిశువు అంటే చిన్న పరిమాణంలో ఉన్న పెద్దమనిషి కాదు. శిశుదేహం మందును స్వీకరించే తీరే వేరు. ఆ తీరును నిర్ణయించేవి రెండు: ఎదుగుదల, వారసత్వం.

ఈ ఆలోచన మన దేశానికి పూర్తిగా కొత్తది కాదు. ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాలలో 'కౌమారభృత్యం' ఒకటి. అది శిశుచికిత్సకే కేటాయించిన శాఖ. చరకసంహిత రోగిని పదివిధాలుగా పరీక్షించాలని చెప్పింది. ఆ దశవిధ పరీక్షలో మొదటిది ప్రకృతి, చివరిది వయస్సు. ప్రకృతి అంటే పుట్టుకతో వచ్చిన దేహస్వభావం. నాటి వైద్యులకు జన్యువుల సంగతి తెలియదు. అయినా ఒకే ఔషధం అందరి పట్ల ఒకే విధంగా ప్రవర్తించదని వారు అనుభవం ద్వారా గ్రహించారు. దానికి కారణాలను ఆధునిక విజ్ఞానం వివరించగలిగింది.

కోనసీమ రైతుకు నీటి లెక్క బాగా తెలుసు. ధవళేశ్వరం ఆనకట్ట వద్ద విడిచిన నీరు ప్రధాన కాలువల గుండా, పిల్లకాలువల గుండా చేలకు చేరుతుంది. పైరుకు కావలసినంత నిలిచి, మిగిలినది మురుగుకాలువల ద్వారా సముద్రంలో కలుస్తుంది. ఎంత నీరు వదిలారన్నది మాత్రమే చూస్తే చాలదు. ఎంత వేగంగా చేనికి చేరింది, ఎంతకాలం నిలిచింది, ఎంత వేగంగా బయటికి పోయింది అన్నవి కూడ చూడాలి. మురుగుకాలువ పూడిపోయిన చోట మామూలు వానకే చేను మునిగిపోతుంది.

దేహంలో మందు ప్రయాణం కూడ ఇటువంటిదే. మింగిన మందు జీర్ణాశయం, ప్రేగుల ద్వారా రక్తంలో కలుస్తుంది. రక్తప్రవాహంతో దేహమంతటా వ్యాపిస్తుంది. కాలేయంలోని ఎంజైములు దానిని విడగొట్టి మార్పు చేస్తాయి. మూత్రపిండాలు దానిని వడపోసి బయటికి పంపుతాయి. ఈ నాలుగు దశలలో ఏ ఒక్కటి మారినా రక్తంలో నిలిచే మందు పరిమాణం మారుతుంది. తక్కువైతే రోగం తగ్గదు. ఎక్కువైతే ఔషధమే విషమవుతుంది.

అప్పుడే పుట్టిన శిశువును చూద్దాం. ఆ దేహంలో నూటికి సుమారు 75 వంతులు నీరే. పెద్దవారిలో అది 60 వంతులకు మించదు. నీటిలో కరిగే మందు పసిదేహంలో పలుచబడుతుంది. మరొకవైపు మూత్రపిండాల వడపోత శక్తి, దేహ పరిమాణాన్ని లెక్కలోకి తీసుకొన్నా, పెద్దవారి శక్తిలో మూడవ వంతు మాత్రమే. ఆ శక్తి పరిపూర్ణం కావడానికి సుమారు ఒక సంవత్సరం పడుతుంది. కాలేయంలోని ఎంజైములు కూడ ఒక్కరోజున మేల్కొనవు. కొన్ని పుట్టుకతోనే పనిచేస్తాయి. కొన్ని వారాలకు, మరికొన్ని నెలలకు పనిలో చేరుతాయి. గర్భంలో ఉన్నప్పుడు పనిచేసిన కొన్ని ఎంజైములు పుట్టిన తరువాత తప్పుకొని, వాటి స్థానంలో కొత్తవి వస్తాయి.

ఈ సంగతి తెలియకపోవడం వలన జరిగిన అనర్థం వైద్యచరిత్రలో చెరగని గుర్తుగా నిలిచింది. టైఫాయిడ్ వంటి జబ్బులకు క్లోరాంఫెనికాల్ గొప్ప మందుగా పేరుపొందిన కాలమది. అమెరికాలో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు అంటువ్యాధులు సోకకుండా ఆ మందు ఇచ్చారు. కొందరు బిడ్డల దేహం బూడిద రంగుకు మారింది, పొట్ట ఉబ్బింది, రక్తపోటు పడిపోయింది, పలువురు మరణించారు. 1959లో వైద్యులు దీని కారణాన్ని వెలుగులోకి తెచ్చారు. ఆ మందును హానిలేని రూపంలోకి మార్చే ఎంజైము పసికందుల కాలేయంలో ఇంకా తగినంత తయారు కాలేదు. అందువలన మందు బయటికి పోలేక దేహంలోనే పేరుకొన్నది. ఇది మందు తప్పు కాదు. బిడ్డ తప్పు అసలే కాదు. పెద్దవారి లెక్కను పసివారికి అన్వయించడంలో జరిగిన పొరపాటు.

అయితే పసివారికి ఎప్పుడూ తక్కువ మందే చాలునని అనుకోవడం కూడ సరికాదు. ఒకటి రెండేండ్లు దాటిన తరువాత పరిస్థితి తారుమారవుతుంది. దేహపు బరువుతో పోల్చిచూస్తే అప్పుడు బిడ్డ కాలేయం పెద్దవారి కాలేయం కంటె పెద్దది. అది కొన్ని మందులను పెద్దవారికంటె వేగంగా విడగొడుతుంది. మూర్ఛవ్యాధికి వాడే కార్బమజెపిన్, ఆయాసానికి వాడే థియోఫిలిన్ వంటివి బరువు లెక్కన చూస్తే పెద్దవారికంటె ఈ వయస్సు పిల్లలకే ఎక్కువ కావలసివస్తుంది. కనుక 'పెద్దవారి మాత్రలో సగం' అనే ఇంటి లెక్క రెండు విధాల ప్రమాదకరం. పసికందుకు ఆ సగం అధికం కావచ్చు. అయిదేండ్ల బిడ్డకు కొన్ని మందులలో అది చాలకపోవచ్చు.

ఎదిగే దేహానికి మరొక ప్రత్యేకత ఉన్నది. అందులో ఎముకలు, దంతాలు, మెదడు ఇంకా నిర్మాణంలో ఉంటాయి. ఇక్కడ మన గోదావరి సీమకు చెందిన ఒక మహానుభావుని స్మరించుకోవాలి. వసిష్ఠ గోదావరికి ఆవలి ఒడ్డునున్న సీమలోని భీమవరంలో 1895లో జన్మించినవాడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. రాజమండ్రిలోను, మద్రాసులోను చదివి అమెరికా చేరి, లెడర్లీ పరిశోధనశాలకు సారథ్యం వహించాడు. ఆయన నాయకత్వంలోనే బోదకాలుకు వాడే డి.ఇ.సి. వెలువడింది. అది హెట్రజాన్ అనే పేరుతో ప్రపంచానికి పరిచయమైంది. తన సొంత సీమను పీడించిన జబ్బుకు దూరదేశంలో ఉండి మందు సమకూర్చిన ధన్యుడాయన.

అదే పరిశోధనశాలలో ఆయన పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. అది 1948లో వెల్లడి అయింది. టెట్రాసైక్లిన్ వర్గానికి అది ఆద్యం. లక్షలాది ప్రాణాలను నిలిపిన వర్గమది. కాని ఆ వర్గపు మందులు కాల్షియంతో కలిసిపోయి, రూపుదిద్దుకొంటున్న దంతాలలో స్థిరపడి వాటిని పసుపు లేదా గోధుమ రంగుకు మార్చుతాయని కొంతకాలానికి తెలిసింది. దంతనిర్మాణం పూర్తయిన పెద్దవారికి ఆ భయం లేదు. అందుచేత ఎనిమిదేండ్లలోపు పిల్లలకు టెట్రాసైక్లిన్ సాధారణంగా ఇవ్వరు. తలనొప్పికి పెద్దవారు వాడే ఆస్పిరిన్ కూడ ఇటువంటిదే. ఫ్లూ, ఆటలమ్మ వంటి వైరస్ జ్వరాలలో పిల్లలకు దానిని ఇచ్చినప్పుడు, అరుదుగానైనా, మెదడు, కాలేయం దెబ్బతినే రై సిండ్రోమ్ అనే వ్యాధి వచ్చే ప్రమాదమున్నది. కనుక వైద్యుడు ప్రత్యేకంగా చెప్పనిదే పిల్లలకు ఆస్పిరిన్ వేయరాదు.

ఇంతవరకు ఎదుగుదల సంగతి. ఇక రెండవది వారసత్వం. ఒకే వయస్సు, ఒకే బరువు ఉన్న ఇద్దరు పిల్లలకు ఒకే మోతాదు ఇచ్చినా ఫలితం వేరు కావచ్చు. మందును విడగొట్టే ఎంజైములను తయారుచేసే ఆదేశాలు జన్యువులలో ఉంటాయి. ఆ జన్యువులు తల్లినుండి ఒక ప్రతి, తండ్రినుండి ఒక ప్రతి వస్తాయి. ఆ ఆదేశంలో ఒక్క అక్షరం మారినా ఎంజైము బలహీనం కావచ్చు. ఒక్కొక్కప్పుడు అసలు తయారే కాకపోవచ్చు. మందు తీసుకొననంతవరకు ఆ లోపం బయటపడదు.

ఇందుకు నిదర్శనం కూడ సుబ్బారావు కృషితో ముడిపడి ఉన్నది. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన ఆయన బృందమే, దానికి ప్రతికూలంగా పనిచేసే అమినోప్టెరిన్‌ను కూడ సమకూర్చింది. బోస్టన్ నగరంలోని పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని ల్యుకేమియా అనే రక్త కేన్సర్‌తో బాధపడుతున్న పసివారికి ఇచ్చాడు. 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి కొంతకాలం వెనుకంజ వేసింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు ప్రకటితమయ్యాయి. అంతకుముందు ఆ జబ్బు వచ్చిన బిడ్డ కొద్ది వారాలకో నెలలకో మరణించడం తప్ప మరొక దారి లేదు. ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. అమినోప్టెరిన్ స్థానంలో వచ్చిన మెథోట్రెక్సేట్ కూడ ఆయన బృందం కృషి ఫలమే. నేటికీ పిల్లల ల్యుకేమియా చికిత్సలో అది ముఖ్యమైన మందు. వైద్యవసతులు సమృద్ధిగా ఉన్న దేశాలలో ఈ వ్యాధి సోకిన పిల్లలు నూటికి సుమారు 90 మంది బ్రతుకుతున్నారు.

ఈ చికిత్సలో మెథోట్రెక్సేట్‌తో పాటు మెర్కాప్టోప్యూరిన్ అనే మరొక మందును దీర్ఘకాలం వాడుతారు. ఎక్కువమంది పిల్లలు దానిని తట్టుకొంటారు. కొందరిలో మాత్రం మామూలు మోతాదుకే రక్తకణాలు ప్రమాదకరంగా తగ్గిపోతాయి. దీనికి కారణమైన జన్యువులలో టి.పి.ఎం.టి. అనేదానిని మొదట గుర్తించారు. ఐరోపా ప్రజలలో దాని ప్రభావం ఎక్కువ. ఆసియా పిల్లలలో ఎందరికో ఆ లోపం లేకున్నా మందు పడలేదు. 2014లో కొరియా పరిశోధకులు ఎన్.యు.డి.టి.-15 అనే మరొక జన్యువును గుర్తించారు. దానిలోని మార్పు తూర్పు ఆసియాలోను, మన దేశంలోను ఎక్కువగా కనిపిస్తుంది. రెండు ప్రతులలోను ఆ మార్పు ఉన్న బిడ్డకు మోతాదును ఎంతో తగ్గించవలసి ఉంటుంది. ఒక ఖండంలో తయారైన లెక్క మరొక ఖండంలోని పిల్లలకు సరిపోదని ఈ ఉదంతం తెలుపుతున్నది.

తెలుగునేలకు మరింత దగ్గరగా ఉన్న ఉదాహరణ ఒకటి ఉన్నది. శస్త్రచికిత్సకు ముందు శ్వాసనాళంలో గొట్టం అమర్చడానికి కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ అనే మందును వాడుతారు. రక్తంలోని బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఆ మందును కొద్ది నిమిషాలలో విడగొడుతుంది. శ్వాస మరల మొదలవుతుంది. ఆ ఎంజైము లేనివారిలో గంటల తరబడి కండరాలు కదలవు. అంతసేపూ కృత్రిమంగా శ్వాస అందించవలసిందే. ఈ లోపం లోకంలో చాల అరుదు. కాని మన వైశ్య సమాజంలో ఇది ఇతరులకంటె ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నట్లు పరిశోధకులు గమనించారు. దానికి కారణమైన జన్యుమార్పును 2006లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, విదేశీ శాస్త్రజ్ఞులు కలసి వివరించారు.

ఇది ఆ సమాజానికి చెందిన దోషం కాదు. కొద్దిమంది పూర్వికుల సంతతి, తరతరాలుగా తమలో తామే వివాహ సంబంధాలు కలుపుకొంటూ వచ్చినప్పుడు, ఆ పూర్వికులలో ఒకరికి ఉన్న జన్యుమార్పు సంతతిలో ఎక్కువమందికి చేరుతుంది. 2017లో హైదరాబాదులోని సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాల శాస్త్రజ్ఞులు కలసి దక్షిణాసియాలోని 260కి పైగా జనసమూహాలను పరిశీలించి ఫలితాలను ప్రకటించారు. వాటిలో 81 సమూహాలలో ఇటువంటి పూర్వికుల ప్రభావం బలంగా ఉన్నట్లు తేలింది. అంటే ఏ ఒక్క కులానికో పరిమితమైన విషయం కాదిది. ఏ సమాజంలో ఏ లోపం దాగి ఉన్నదో తెలిస్తే, శస్త్రచికిత్సకు ముందే మత్తువైద్యుడు జాగ్రత్తపడి వేరొక మందును ఎంచుకోగలడు. తెలుసుకోవడం వలన అవమానం లేదు, తెలుసుకోకపోవడంలోనే అపాయమున్నది.

వయస్సు, వారసత్వం రెండూ ఒకేచోట కలిసే సందర్భాలు కూడ ఉన్నాయి. మన్యప్రాంతాలలో మలేరియా తిరుగబెట్టకుండా ప్రైమాక్విన్ ఇస్తారు. జి-6-పి.డి. అనే ఎంజైము లోపించినవారికి ఆ మందు పడితే ఎర్రరక్తకణాలు చితికిపోతాయి. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉన్నది. మగపిల్లలకు ఎక్స్ క్రోమోజోము ఒక్కటే గనుక ఆ లోపం వారిలోనే ఎక్కువగా బయటపడుతుంది. ఇక వయస్సు సంగతికి వస్తే, ఏడాదిలోపు శిశువులకు ఆ మందు అసలే ఇవ్వరు. నొప్పికి, దగ్గుకు వాడిన కోడీన్ సంగతి కూడ అంతే. కాలేయం దానిని మార్ఫిన్‌గా మార్చితేనే అది పనిచేస్తుంది. వారసత్వంగా ఆ మార్పు అతివేగంగా జరిగే పిల్లలలో మార్ఫిన్ ఒక్కసారిగా పెరిగి శ్వాస మందగిస్తుంది. టాన్సిల్ శస్త్రచికిత్స తరువాత దానిని తీసుకొన్న కొందరు పిల్లలు మరణించడంతో, 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 12 ఏండ్లలోపు పిల్లలకు కోడీన్ వాడరాదని నిర్దేశించింది.

ఇవన్నీ వైద్యులు ఆలోచించవలసిన విషయాలే కదా, మనకెందుకు అని విద్యార్థులు అనుకోవచ్చు. కాని మోతాదు చివరకు నిర్ణయమయ్యేది ఇంటిలో, తల్లి చేతిలోని చెంచాలో. జ్వరానికి వాడే పారాసిటమాల్‌నే తీసుకొందాం. పిల్లలకు ఒక్కొక్కసారికి కిలో బరువుకు 10 నుండి 15 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. 12 కిలోల బిడ్డకు అది 120 నుండి 180 మిల్లీగ్రాములు. బజారులో దొరికే సిరప్ ఒక రకంలో 5 మిల్లీలీటర్లకు 120 లేదా 125 మిల్లీగ్రాములు ఉంటుంది. మరొక రకంలో 250 ఉంటుంది. పసికందులకు ఇచ్చే చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు. చుక్కల మందును సిరప్ అనుకొని 5 మిల్లీలీటర్లు పోస్తే, బిడ్డకు 500 మిల్లీగ్రాములు చేరుతాయి. పేరు ఒకటే, సీసా చిన్నది, ప్రమాదం పెద్దది.

కాబట్టి కొన్ని జాగ్రత్తలు అందరూ పాటించాలి. బిడ్డను వైద్యుని వద్దకు తీసుకొనివెళ్ళినప్పుడు వయస్సుతో పాటు బరువు కూడ చూపించాలి. సీసాపై ఉన్న బలాన్ని చదివి, సీసాతో పాటు ఇచ్చిన కొలతగిన్నెతోనే మందు పోయాలి. వంటింటి చెంచాలన్నీ ఒక కొలతవి కావు. అన్నకు మిగిలిన మందును తమ్మునికి వేయరాదు. ఇంటిలో ఎవరికైనా ఒక మందు పడకపోయినా, మత్తుమందు ఇచ్చిన తరువాత శ్వాస ఆలస్యంగా వచ్చినా, పచ్చకామెర్లవలె కళ్ళు పచ్చబడినా ఆ సంగతిని కాగితంపై వ్రాసి భద్రపరచాలి. మేనరికపు సంబంధమైతే ఆ విషయం దాచకుండా చెప్పాలి. అమ్మమ్మకు ఎప్పుడో జరిగిన చిన్న సంఘటన మనుమని ప్రాణాన్ని కాపాడవచ్చు.

పూర్వం మన ఇండ్లలో బిడ్డకొక ఉగ్గుగిన్నె ఉండేది. పెద్దలు తాము తినే గిన్నెతో బిడ్డకు పెట్టేవారు కారు. ఆముదమైనా, వసకొమ్ము గంధమైనా ఆ చిన్న గిన్నెలోనే, బిడ్డ నెలలను బట్టి, దేహతత్త్వాన్ని బట్టి పట్టేవారు. ఆ నాటువైద్యాలన్నీ మంచివని చెప్పలేము. వాటిలో హాని చేసేవి కూడ ఉన్నాయి. కాని బిడ్డకు వేరే కొలత ఉండాలన్న తెలివి మాత్రం సరియైనది. ఊయలలోని బిడ్డకు మాత్ర ఇవ్వకుండా ముందుకు సాగిన ఆరోగ్య కార్యకర్త పాటించినది కూడ ఆ తెలివినే. బిడ్డ వయస్సు ఎంత, బరువు ఎంత, ఆ వంశంలో ఏ మందు ఎవరికి పడలేదు అనే మూడు ప్రశ్నలు అడిగిన తరువాతనే మందు సీసా మూత తీయాలి.